మధ్యాహ్నం విమానంలో వచ్చిన ప్రస్థానం

మా ఇంట్లో సంతకం పెట్టి ఉద్యోగంలో చేరిన మొదటి మనిషిని నేను. అప్పటికి నాకు నలభై ఆరేళ్లు. మా ముందు తరాల్లో ఎవరూ ఒకరి కింద పనిచేయలేదు, ఎవరినీ ఏదీ అడగలేదు. పామర్రు చుట్టుపక్కల మా ఇంటిపేరు చెబితే ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లు కూర్చున్నచోట కాస్త సర్దుకుంటారు. ఆ పేరు వెనక ఉన్నవన్నీ నా చిన్నతనంలోనే పోయాయి. ఎలా పోయాయో రాయను. పోయినవాటిని లెక్కపెట్టుకునే అలవాటు మాకు లేదు.

విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో పద్దెనిమిదేళ్లు ఫిజిక్స్ చెప్పాను. రోజూ పామర్రులో బస్సెక్కి వెళ్లి, క్లాసులు ముగించుకుని సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. గంటకింత అని ఇచ్చేవారు. అమ్మ దాన్ని ఉద్యోగం అనేది కాదు. ఎవరైనా అడిగితే "పాఠాలు చెప్పి రావడానికి వెళ్లింది" అనేది, నేనేదో పేరంటానికి వెళ్లినట్టు.

ఒక శనివారం మధ్యాహ్నం విశాఖపట్నం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి ఒక కాలేజీలో లెక్చరర్ పోస్టుకి ఏడాది క్రితం పరీక్ష రాశాను. జాబితాలో నాది రెండో పేరు. మొదటి పేరు గల అతను రానన్నాడట. సోమవారం సాయంత్రం అయిదింటిలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి చేరితే పోస్టు నాది. చేరకపోతే మూడో పేరుకి వెళుతుంది. ఆ ఏడాదితో నా వయోపరిమితి కూడా దాటిపోతుంది. అంటే మరో పరీక్ష లేదు, మరో జాబితా లేదు.

రైళ్లన్నిటికీ వెయిటింగ్ లిస్టే, బస్సుల్లోనూ సీట్లు లేవు. సోమవారం ఉదయం ఏడున్నరకి గన్నవరం నుంచి విశాఖకి విమానం ఉంది, ఎనిమిదీ ముప్ఫై అయిదుకి దిగుతుంది. అదే తీసుకున్నాను. అంతవరకు నేను విమానం ఎక్కలేదు.

టికెట్ సంగతి వినగానే అమ్మ పంచాంగం తీసింది. సోమవారం తూర్పుకి శూల, ఆ రోజు ఆ దిక్కుకి బయలుదేరకూడదు. ఇలాంటప్పుడు మా వాళ్లు చేసే పని ఒకటుంది. ముందురోజే మంచి గడియ చూసి, ప్రయాణం చేసేవాళ్ల వస్తువు ఒకటి గుడ్డలో మూటకట్టి, వెళ్లే దిక్కున ఉన్న ఇంట్లో ఉంచుతారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే లెక్క. మర్నాడు ఏ వేళకి గుమ్మం దాటినా దోషం లేదు, దారిలో మూట తీసుకుని వెళ్లిపోవడమే. ఒకసారి పెట్టిన మూట మాత్రం తిరిగి ఇంటికి రాకూడదు.

మేము అద్దెకుండే రెండు గదుల వాటాకి తూర్పున ఉన్నది ఒక్కటే ఇల్లు. రిటైరైన హెడ్‌మాస్టరు గారిది. రెండంతస్తుల మేడ, పొద్దున్నే దాని నీడ మా గుమ్మంలో పడుతుంది. వాళ్లు క్రైస్తవులు, ఆయన చర్చిలో పెద్ద. ఆయన తండ్రి మా తాతగారి దగ్గర పాలేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, ఎవరం ఎత్తేవాళ్లం కాదు. పదకొండేళ్లు పక్కపక్కన ఉన్నా ఆ ఇంట్లో నేను కాలు పెట్టలేదు. వాళ్లు పిలవక కాదు.

ఆదివారం సాయంత్రం అమ్మ మూట పట్టుకుని మెట్లు దిగుతుంటే నేను వీధి గేటు దగ్గరే ఉన్నాను.

"వాళ్లింట్లోనా?" అన్నాను.

"తూర్పున ఇంకెవరున్నారే?" అంది అమ్మ. "తూర్పుకి కులమా మతమా."

మాస్టారు ప్రహరీ దగ్గరికి వచ్చి రెండు చేతులతో మూట అందుకున్నారు. లెక్కల మాస్టారు కావడంతో ఆయనకి ఏదీ ఊరికే ఒప్పుకునే స్వభావం లేదు.

"విశాఖ తూర్పు కాదు కదండీ అమ్మగారూ, ఈశాన్యం. అట్లాసులో చూడండి."

"ఈశాన్యంలో సగం తూర్పే కదయ్యా."

"అది ఒప్పుకోవాలండి," అని నా వైపు తిరిగారు. "ఎంత దూరమండీ అమ్మాయిగారూ, విమానంలో?"

"గంట."

"నేనడిగింది దూరం. మీరు చెప్పింది కాలం. ఫిజిక్స్ చెప్పేవాళ్లు కూడా ఇలా అంటే ఎట్లాగండీ?"

నాకు కాస్త చురుక్కుమంది. "రోడ్డు మీద మూడు వందల యాభై కిలోమీటర్లు ఉంటుంది. గాలిలో మూడు వందలకి కొంచెం తక్కువ," అన్నాను.

"టికెట్లో ఎంతసేపు వేశాడు?"

"గంటా అయిదు నిమిషాలు."

"అంటే గంటకి మూడు వందలు కూడా పోదన్నమాట. విమానమని పేరేగాని మరీ ఇంత నెమ్మదా అండీ?"

టికెట్లో వేసే సమయం ఎగిరే సమయం కాదని చెప్పాను. ఇక్కడ విమానం కదిలిన దగ్గర్నుంచి అక్కడ పూర్తిగా ఆగేదాకా లెక్క వేస్తారు. రన్‌వే దాకా నడక, వరసలో నిలబడటం, దిగాక మళ్లీ నడక, అన్నీ అందులోనే. అసలు గాలిలో ఉండేది ముప్పావు గంట ఉంటుందేమో అన్నాను.

"ఏమో అంటే కుదరదండి. రేపు వాచీ చూసి వచ్చి చెప్పాలి," అన్నారాయన.

సరేనన్నాను. మూటలో ఏముందో అమ్మని అడగలేదు. ఏదో నా పాత చీర అయి ఉంటుందనుకున్నాను. ఈ పద్ధతులంటే అమ్మకున్న పట్టింపు నాకు లేదు. తోసిపుచ్చేంత ధైర్యమూ లేదు.

సోమవారం తెల్లవారుజామున అయిదింటికి కారు వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి "మూట, మూట" అంటోంది. ఆలస్యమవుతోంది, ఆ పాత చీర కోసం కారు ఆపించడం ఎందుకనిపించింది. పైగా అది తీసుకోవాలంటే వాళ్ల గేటు తీసుకుని లోపలికి వెళ్లాలి. ఆ మాట కూడా రాస్తున్నాను, దాచడం ఎందుకు. "సరేలే," అని అద్దం ఎత్తేశాను. మాస్టారి ఇంటి ముందుకు రాగానే ఆయన గేటు బయట నిలబడి చెయ్యి ఎత్తారు. నాకు వీడ్కోలు చెబుతున్నారనుకున్నాను. మర్యాదకి నేనూ చెయ్యి ఎత్తాను. కారు ముందుకు వెళ్లిపోయింది.

ఆ విమానం గురించి రెండు ముక్కలు చెప్పాలి. రెక్కలకి పంకాలు తిరిగే చిన్న విమానం. కుడివైపు కిటికీ దొరికింది. చక్రాలు నేల విడిచిన క్షణం వాచీ చూశాను. కాలవలు, చేపల చెరువులు పలకల్లా మెరుస్తూ కిందికి జారిపోయాయి. ఆ నేలలో ఏ ముక్క ఒకప్పుడు మాదో పైనుంచి తెలియలేదు, నేనూ వెతకలేదు. కాసేపటికి కొల్లేరు, ఆ తర్వాత గోదావరి పాయలు, ఆపైన సముద్రం అంచు. కాఫీ ఇచ్చి, ఆ కప్పులు మళ్లీ తీసుకునేలోపే బెల్టులు పెట్టుకోమన్నారు. చక్రాలు నేలని తాకేసరికి నలభై ఏడు నిమిషాలు. నాకెంత గర్వం కలిగిందో చెప్పలేను, ఆ విమానాన్ని నేనే నడిపినట్టు.

ఛార్జింగ్ మిగలాలని కారులోనే ఆపేసిన ఫోన్ ఆన్ చేస్తే ఇంటి నుంచి ఆరు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. క్షేమంగా దిగానా లేదా అని అమ్మ చేసి ఉంటుంది, చేరాక ఒకేసారి చెబుదామని ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాను.

పది దాటాక కాలేజీ ఆఫీసులో ఒక గుమాస్తా ముందు కూర్చున్నాను. యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని మాట్లాడతాడు. సర్టిఫికెట్లు అడిగాడు. బ్యాగు జిప్పు తీసి చెయ్యి పెట్టాను. ఫైలు ఉండాల్సిన చోట రేకు డబ్బా తగిలింది. బల్ల మీద పెట్టి మూత తీశాను. సున్నుండలు.

"బాగున్నాయండి," అన్నాడు గుమాస్తా. "కానీ ఒరిజినల్సు..."

బయటికి వచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"నీలం ఫైలు ఎక్కడుందమ్మా?"

"ప్రస్థానంలో ఉంది," అంది అమ్మ, బీరువాలో ఉంది అన్నంత మామూలుగా. తర్వాత గొంతు మారింది. "పొద్దున్నించీ అదే చెబుదామని చేస్తున్నాను. మూట తీసుకోకుండా వెళ్లిపోయావటగా?"

"మూటలో ఫైలు పెట్టావా?"

"మరేం పెట్టమంటావు? ఎందుకోసం వెళుతున్నావో అదే కదా పెట్టాల్సింది. చిరిగిన చీర పెట్టి బయలుదేరతారా ఎవరైనా? బ్యాగు ఖాళీగా పోకూడదని డబ్బా పెట్టాను."

ఫోన్ పెట్టేశాను. లోపలికి వెళ్లి ఫోన్‌లో ఉన్న ఫొటో కాపీలు చూపించాను. గుమాస్తా కళ్లజోడు దించి ఓపిగ్గా అన్నీ చూశాడు.

"ఫొటోలు పెళ్లిసంబంధాలకి సరిపోతాయండి మేడమ్. మాకు ఒరిజినల్సే కావాలి. సాయంత్రం అయిదు దాకా నేనిక్కడే ఉంటాను. అయిదు దాటాక నా చేతుల్లో ఏమీ ఉండదు."

పదీ నలభై అయింది. రోడ్డు మీద ఏడు గంటలు, రైలైతే ఆరు, అదీ ఆ సమయానికి ఉంటే. ఒక్కటే దారి ఉంది. ఒంటిగంటా అయిదుకి గన్నవరంలో ఇంకో విమానం ఉంది, రెండూ పదికి ఇక్కడ దిగుతుంది. పామర్రు నుంచి గన్నవరం గంట ప్రయాణం. మనిషి ఇప్పుడే బయలుదేరాలి. అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్లు, మోకాళ్లు వంగవు.

మళ్లీ ఫోన్ చేశాను. "మాస్టారిని అడుగమ్మా," అన్నాను.

"నేనడగను. ప్రయాణం నీది, నువ్వే అడుగు. ఆయన ఇక్కడే ఉన్నాడు, ఇదిగో."

"అమ్మా, ఆగు," అనేలోపే ఫోన్ ఆయన చేతిలోకి వెళ్లింది.

"చెప్పండమ్మాయిగారూ."

మా తాతగారు, మా నాన్న ఎవరినీ ఏదీ అడగలేదని చెప్పుకుంటూ పెరిగినదాన్ని. అడగడానికి వాళ్లు ఏ మాటలు వాడేవారో కూడా నాకు తెలియదు. పైగా అడగాల్సింది ఈయన్ని. గోడకి తగిలించిన గడియారం కనిపిస్తూనే ఉంది.

"మాస్టారూ, ఆ మూట మీరు తెచ్చి ఇవ్వగలరా? ఇక్కడికి. విమానంలో," అన్నాను.

"హమ్మయ్య. అడుగుతారో లేదోనని గంట నుంచి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నానండి. మా అమ్మాయి టికెట్టు చూసి పెట్టింది, సీటుంది. మీరు ఊఁ అంటే నొక్కుతానంటోంది."

"మీకు ఇబ్బందేమో."

"ఇబ్బందేంటండీ, అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఎప్పుడెక్కుతాను విమానం? అయినా ఈ మూటని వెనక్కి ఇవ్వకూడదట కదా, అమ్మగారు చెప్పారు. పొద్దున మీకందిద్దామని నిలబడ్డాను, మీరాగలేదు. తిరిగి మీ ఇంట్లో ఇవ్వలేను, నా ఇంట్లో ఉంచుకోలేను. ముందుకి తీసుకుపోవడమే మిగిలింది."

"ఊఁ," అన్నాను.

ఆయన అల్లుడు ఉయ్యూరు, కంకిపాడు మీదుగా కారు ఎలా నడిపాడో నాకు తెలియదు. పన్నెండు కావడానికి అయిదు నిమిషాల ముందు "లోపలికి వెళ్లారు" అని మెసేజ్ పెట్టాడు. నేను ఆటోలో విశాఖ విమానాశ్రయానికి తిరిగి వెళ్లి, వచ్చేవాళ్ల ద్వారం దగ్గర నిలబడ్డాను. బోర్డు మీద గన్నవరం విమానం పక్కన రెండూ పది అని ఉంది. చూస్తుండగానే అది రెండూ యాభై అయింది. కాసేపటికి మూడూ ఇరవై.

గాలిలో ఉండేది నలభై ఏడు నిమిషాలేనని నాకు తెలుసు. నేల మీద ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. రెండూ ముప్ఫై ఆరుకి మాస్టారి నుంచి ఫోన్ వచ్చింది.

"కదిలిందండీ. చక్రాలు లేచేటప్పుడు వాచీ చూస్తాను. ఇప్పుడు ఫోన్ కట్టెయ్యమంటోంది ఈ అమ్మాయి," అని పెట్టేశారు.

లెక్క వేసుకున్నాను. రన్‌వే చేరి లేవడానికి పది నిమిషాలు, గాలిలో నలభై ఏడు, దిగి ఆగడానికి అయిదు. మూడూ నలభైకల్లా ఆగాలి. కాలేజీ ఇక్కడికి నలభై నిమిషాల దూరం. పద్దెనిమిదేళ్లు పిల్లల చేత వేగాన్ని, కాలాన్ని, దూరాన్ని లెక్క కట్టించాను. ఆ లెక్క తప్పకూడదని ఆ రోజు కోరుకున్నట్టు ఎన్నడూ కోరుకోలేదు.

మూడూ ముప్ఫై తొమ్మిదికి బోర్డు మీద "దిగింది" అని పడింది. కొందరు సూటుకేసులు లాక్కుంటూ వచ్చారు. ఆ తర్వాత మాస్టారు. తెల్లచొక్కా, చంకలో గొడుగు, రెండు చేతులతో గుండెకి ఆనించుకుని అమ్మ కట్టిన ఎర్రగళ్ల గుడ్డ మూట. ముడి వేసింది వేసినట్టే ఉంది.

"విప్పలేదా? తనిఖీలో విప్పమని ఉంటారే," అన్నాను.

"అన్నారండి. ప్రస్థానం, విప్పకూడదన్నాను. ఆ కుర్రాడికి తెలుగు రాదు. మిషన్లో రెండుసార్లు తిప్పి చూశాడు. వెనక లైన్లో ఒక పెద్దావిడ హిందీలో వాడికేదో చెప్పింది. వాడు దణ్ణం పెట్టి మరీ పంపించాడు. మా పాస్టరు గారికి మాత్రం మీరు చెప్పకండి."

అప్పటికే టాక్సీ మాట్లాడి ఉంచాను. ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. అంత దగ్గరగా మేమెప్పుడూ కూర్చోలేదు. ముడి విప్పాను. నీలం ఫైలు, దాని మీద పసుపు రాసిన వక్క ఒకటి. పదో తరగతి నుంచి ఒక్కో సర్టిఫికెట్ తీసి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి.

"పొద్దున మీరు వీడ్కోలుకి చెయ్యి ఎత్తారనుకున్నాను మాస్టారూ," అన్నాను.

"మీరూ ఎత్తారు కదండీ. మహారాణీగారు రథంలోంచి ఎత్తినట్టు."

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పెద్దగానే నవ్వాను. ఆయన కూడా నవ్వి, వాచీ తీసి చూపించారు. "నలభై ఎనిమిదండి, పైకి లేచిన దగ్గర్నుంచి. మీకెంత వచ్చింది?"

"నలభై ఏడు."

"నా వాచీ గంటకో నిమిషం ముందుకి పోతుంది. అయితే మీదే కరెక్టు."

దారిలో రెండు చోట్ల రెడ్ సిగ్నల్ పడింది. రెండోచోట ఆయన పెదవులు కదిలించుకుంటూ ఏదో అన్నారు. ప్రార్థనో ఎక్కమో అడగలేదు.

నాలుగూ ముప్ఫై రెండుకి ఆఫీసు మెట్లెక్కాం. గుమాస్తా కుర్చీలోనే ఉన్నాడు. అప్పటికే ఫారాలన్నీ తీసి, టిక్కు పెట్టాల్సిన చోట్ల పెన్సిల్ గుర్తులు పెట్టి ఉంచాడు. నేను తిరిగి వస్తానని అంత నమ్మిన మనిషిని నేను అంతవరకు చూడలేదు. మొదటి నుంచి చివరి దాకా ఒక్కో సర్టిఫికెట్ వెలుతురుకి పెట్టి చూశాడు.

"మిమ్మల్ని అయిదేళ్లకి పైగా ఎరిగినవాళ్ల సంతకం ఒకటి కావాలండి. ఇక్కడెవరైనా ఉన్నారా?"

ఫారం మాస్టారి ముందుకి జరిపాను. ఆయన పేరు, రిటైరైన హోదా రాసి, నింపని గడి ఒకటి వేలితో చూపించారు. అందులో ఎంతకాలం నుంచి ఎరుగుదురు అని ఉంది.

"ఏమి రాయమంటారండీ?"

పదకొండేళ్లు అని చెప్పబోయాను. వాళ్ల నాన్న, మా తాతగారు గుర్తొచ్చారు.

"పుట్టినప్పట్నుంచీ అని రాయండి," అన్నాను.

ఆయన కలం ఒక క్షణం ఆగింది. తర్వాత గుండ్రని అక్షరాలతో అదే రాశారు.

గుమాస్తా పెద్ద హాజరు రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచాడు. కొత్త పేజీలో అప్పటికే పదిహేనుమంది పేర్లున్నాయి, అందరివీ పొడి అక్షరాలే. "ఇంటిపేరు మొదటి అక్షరం చాలండి మేడమ్, గడి చిన్నది," అన్నాడు. గోడ గడియారం అయిదుకి పన్నెండు నిమిషాల తక్కువ చూపిస్తోంది. నేను తొందరపడలేదు. మా ఇంటిపేరు మొత్తం రాసి, దాని పక్కన నా పేరు రాసి, కింద సంతకం పెట్టాను. అక్షరాలు గీత దాటి పక్క గడిలోకి వెళ్లాయి. గుమాస్తా ఒకసారి చూసి, అద్దుడు కాగితం అందించాడు.